రెండో షిఫ్టు

ఆ రోజు తప్పు నాదే. చంద్రపూర్ బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దాయన, "రెండో షిఫ్టుకు ఇంకెంత టైముంది బిడ్డా? గప్పుడే గోండ్‌పిప్రి బస్సు" అని అడిగాడు. ఫోన్లోంచి తలెత్తకుండానే, "గంట పైనే ఉంది కాకా, చాయ్ తాగి రా" అన్నాను.

గని కుటుంబాల్లో వంటైనా, నిద్రైనా, చుట్టాల రాకైనా షిఫ్టుల లెక్కే. మా గనిలో రెండో షిఫ్టు నాలుగింటికి మొదలవుతుంది. ఆయన ఏ గనిలో పనిచేశాడో నేను అడగలేదు.

చాయ్ తాగి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది.

"మా గనిల మూడింటికే గద బిడ్డా" అన్నాడు, చేతిలోని కొత్త చీర పొట్లం వైపు చూస్తూ. "చెల్లె చచ్చిపోయింది. గా బస్సు వచ్చేదాంక ఆపుతమన్నరు."

ఫోన్ జేబులో పెట్టేశాను.

"నువ్వేం జేస్తవ్? అది రమ్మన్నప్పుడల్ల షిఫ్టుందనే అంటి. ఇయ్యాల గూడ షిఫ్టే అడ్డమొచ్చె."

నా ప్రయాణం మానుకుని, జీపు మాట్లాడి, ఆయనతో గోండ్‌పిప్రి వెళ్లాను. బస్సులోంచి అన్న దిగలేదని చూసి, వాళ్లు అప్పుడే మట్టి చేశారు. ఆయన పొట్లం విప్పి, చీరను ఆ మట్టి మీద పరిచి, కొసలు గాలికి లేవకుండా రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. రెండో వైపు కొసలు నేను పట్టుకుని కూర్చున్నాను.