తోడల్లుడి గొడుగు

పెద్దల్లుడికి కడుపుమంట. మందులకు లొంగే మంట కాదు, చిన్నల్లుడు బాగుపడ్డాడన్న ఒకే ఒక్క కారణంతో పుట్టింది. చిన్నల్లుడు చతికిలబడితే తప్ప అది చల్లారదు. ఆ శుభఘడియ కోసం పెద్దల్లుడు రోజూ ఎదురుచూసేవాడు. వచ్చిన చిక్కల్లా, చిన్నల్లుడు చతికిలబడితే పెద్దల్లుడి ఇంట్లో పొయ్యి కూడా ఆరిపోతుంది.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. పెద్దల్లుడిది తరిణె పని. రోడ్డువార రేకుల షెడ్డులో, గిర్రున తిరిగే కొయ్యముక్కకు ఉలి ఆనించి గొడుగులకు పిడులు తీస్తాడు. గరుకు కాగితంతో రుద్ది లక్క పట్టిస్తే ఆ పిడి అరచేతిలో ఇట్టే ఒదిగిపోతుంది. ఒకప్పుడు ఊళ్ళో గొడుగులు కట్టే ప్రతివాడూ ఆ షెడ్డు ముందు పడిగాపులు పడాల్సిందే. భార్య చెల్లెల్ని చేసుకున్న చిన్నల్లుడు ఆ రోజుల్లో అదే షెడ్డులో ఓ మూల కూర్చుని విరిగిన గొడుగులు బాగుచేసుకునేవాడు. మూల ఇచ్చింది పెద్దల్లుడే. ఆ మాట ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు, వాళ్ళు అడక్కపోయినా.

తర్వాత చుట్టుపక్కల తొమ్మిది దేశాలు కలిసి కూటమి కట్టాయి. పోనీ అవేమైనా ప్రాణస్నేహితులా అంటే, ఒకటి పచ్చగా ఉంటే ఇంకొకటి ఓర్వలేదు. కానీ విడివిడిగా వెళ్తే ప్రపంచ సంతలో వాటిని పలకరించే నాథుడే లేడు. కలిసి వెళ్ళేసరికి సముద్రం అవతలి పెద్ద దేశాలు కుర్చీలు వేసి కూర్చోబెట్టాయి. మీ కూటమి సరుకు సుంకం లేకుండా రానిస్తాం, అయితే దాని విలువలో సగానికి మించి మీ తొమ్మిది దేశాల్లోనే పుట్టి ఉండాలి అని షరతు పెట్టాయి. సరే అంటే సరే అనుకున్నారు.

కూటమి దేశాల మధ్య సరిహద్దులు తెరుచుకోగానే పక్కదేశం నుంచి ప్లాస్టిక్ పిడులు బస్తాలకొద్దీ దిగాయి. కొయ్య పిడి ముఖం చూసేవాడు లేకుండా పోయాడు. అదే సరిహద్దు మీదుగా చిన్నల్లుడు నాణ్యమైన బట్ట తెప్పించుకుని, గొడుగులు కట్టి ఓడ ఎక్కించాడు. చూస్తుండగానే షెడ్డు కట్టాడు, ఆ షెడ్డు పక్కన ఇంకో షెడ్డు కట్టాడు. ఇప్పుడు పెద్దల్లుడి పిడులు కొనేది అతనొక్కడే. అదీ మంచి ధరకు. తన మీద జాలిపడి పిడికెడు మెతుకులు విదిలిస్తున్నాడని పెద్దల్లుడి గట్టి నమ్మకం. పిడులు తీసినంతసేపూ కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు.

చిన్నల్లుడికి ఇదేమీ తెలియదు. వారం వారం సరుకు కోసం తనే బండి వేసుకుని వచ్చేవాడు. ముక్కాలిపీట లాక్కుని కొయ్యపొట్టులోనే కూర్చుని గంటల తరబడి కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఎక్కడో సముద్రం అవతల పెద్ద నగరం, వాన, అద్దాల దుకాణం ముందు గొడుగు విప్పుకుంటున్న ఒకావిడ.

"చూశావా అన్నయ్యా, మన గొడుగు," అన్నాడు.

"బావుంది," అన్నాడు పెద్దల్లుడు ఉలి నూరుకుంటూ.

ఆ 'మన' అన్న మాట పుండు మీద కారం చల్లినట్టయింది. గొడుగు మీద తన పేరు లేదు, ఓడ మీద తన పెట్టె లేదు, ఇంక మనది ఎక్కణ్ణించి వచ్చింది? పొద్దున్నే లేచి సుంకాల ఆఫీసుకు వెళ్ళాడు. ఫిర్యాదు అంటే పేరు రాసుకుంటారని భయం. అందుకని మహా తెలివిగా, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, అక్కడి అధికారిణిని ఒక సందేహం అడిగాడు.

"గొడుగుల షెడ్డువాళ్ళు ఊచలు కూటమి బయటనుంచి తెప్పిస్తారు కదండీ. మరి అది మన కూటమి గొడుగు ఎలా అవుతుందండీ?"

అడిగి, వచ్చిన దారినే వచ్చేశాడు. ఆ రోజు అన్నం హాయిగా తిన్నాడు.

వారం తిరక్కుండానే చిన్నల్లుడి షెడ్డులో తనిఖీ అన్నారు. పిడులు చేసేవాడు కాబట్టి పెద్దల్లుణ్ణీ రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. అధికారిణి ఒక గొడుగు తీసుకుని బల్లమీద ఏ ముక్కకా ముక్క ఊడదీయించింది. బట్ట ఒకపక్క, ఊచలు ఒకపక్క, పిడి ఒకపక్క. దేని ఖరీదెంతో, ఎక్కడ పుట్టిందో అడుగుతూ లెక్క కట్టింది. చిన్నల్లుడి నుదుటిమీద చెమటలు చూసి పెద్దల్లుడికి ఒళ్ళు పులకరించింది.

చివరికి ఆవిడ పిడి చేతిలోకి తీసుకుంది. "ఊచలు బయటివే. కానీ ఈ కొయ్య పిడికి మంచి ఖరీదు కట్టారు. ఇది లెక్కలోకి రాబట్టే మీ గొడుగు సగం దాటింది. చవక ప్లాస్టిక్‌ది పెట్టుంటే సగం దాటేది కాదు, కూటమి గొడుగు అయ్యేది కాదు."

"అందుకే కదండీ, ఎవరెన్ని చెప్పినా ప్లాస్టిక్ జోలికి పోలేదు," అన్నాడు చిన్నల్లుడు ఊపిరి పీల్చుకుని. "మా అన్నయ్య చెయ్యి ఆగిందంటే నా ఓడలు ఆగిపోయినట్టే."

జాలీ కాదు, విదిలింపూ కాదు. ఇన్నాళ్ళూ ఆ గొడుగును నిలబెట్టింది తన పిడి. పెద్దల్లుడి ఛాతీ ఒక్కసారి ఉప్పొంగింది. అంతలో అధికారిణి అతనివైపు తిరిగింది.

"మీ సందేహం తీరిందాండీ? ఆ రోజు ఆఫీసుకొచ్చి ఊచల సంగతి అడిగారు కదా," అంది, పాపం, మామూలుగానే.

పెద్దల్లుడు నిలువునా నీరైపోయాడు. చిన్నల్లుడు తిట్టలేదు. బల్లమీది ముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా అన్నయ్యా," అన్నాడు. పిడి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికే కబురు చేరిపోయింది. అతని భార్య కంచం ముందుపెట్టి, "వాళ్ళు దానం చేస్తున్నారని ఇన్నాళ్ళూ ఏడ్చారు. దానం కాదని తేలిందిగా, ఇంకా ఎందుకా మొహం?" అంది. అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

పని మాత్రం ఆగలేదు. ఆగడానికి వీల్లేదు. ఆ పిడి లేకపోతే చిన్నల్లుడి గొడుగు ఓడ ఎక్కదు, ఆ గొడుగు లేకపోతే ఈ పిడిని కొనేవాడు లేడు. అసహ్యించుకున్నా సరే, ఇద్దరూ కలిసి ఉండాల్సిందే. లెక్కలో ఇంకాస్త వెసులుబాటు ఉండాలని చిన్నల్లుడు పిడి ధర కూడా పెంచాడు. డబ్బు ఠంచనుగా వస్తోంది.

మనిషి రావడం లేదు. బండి తోలుకుని డ్రైవరు ఒక్కడే వస్తున్నాడు. పెద్దల్లుడు మూడు వారాలు ఓర్చుకున్నాడు. నాలుగోసారి పెట్టెలు బండికెత్తుతుంటే ఉండబట్టలేకపోయాడు.

"మీ సారు ఏమన్నా చెప్పమన్నారా?"

"చెప్పారండీ, మర్చేపోయాను," అన్నాడు డ్రైవరు తాడు బిగిస్తూ. "సరుకు బాగుందని ఆ పిడులాయనకి చెప్పు, అన్నారండీ."