చిట్టిబాబుగారి రెండు రిమోట్లు

మా చిట్టిబాబు అన్నయ్యగారు ఏ వస్తువునైనా ఇంకోదాని పక్కన పెట్టి చూడందే కొనరు. ఓసారి వానొస్తోందని అమలాపురంలో గొడుగుల కొట్లోకి వెళ్ళి, రెండు గొడుగులు విప్పి, మూసి, పిడులు పట్టి చూసేసరికి వాన వెలిసిపోయింది. తొందరపడుంటే అనవసరంగా కొనేసేవాణ్ణని మురిసిపోయేరు.

అలాంటి మనిషి చేతిలో మా జెట్టు విమానం పడింది.

బొమ్మ విమానమే గానీ పిల్లలాడుకునేది కాదండి. సగం మంచమంత ఉంటుంది. అసలుదానిలాగే గాల్లోకి లేవగానే చక్రాలు కడుపులోకి ముడుచుకుంటుంది. మనం నేలమీద నిలబడి రిమోట్‌తో నడపాలి. మా ఆయనా, ఆయన స్నేహితులైన ఈ అన్నయ్యగారూ కలిసి కట్టేరు. అన్నయ్యగారికి కాట్రేనికోనలో రొయ్యల చెరువులు. విమానాలు ఎగరెయ్యడంలో ఆరితేరిన చెయ్యి. ఇక రిమోట్ కొనడమే తరువాయి అనగా మా ఆయన పోయేరు. జెట్టు మా వసారాలో దూలానికి వేలాడుతూ ఉండిపోయింది. అది ఒక్కసారి గాల్లో తిరిగితే చూడాలని నాకుండేది. అంతకుమించి నాకే కోరికా లేదు. వీధి గుమ్మం దాటాలని కూడా లేదు.

రిమోట్ నేను చూస్తానన్నారు అన్నయ్యగారు. ఆయన చూడ్డమంటే తెలుసుగా. జపాన్‌ది ఒకటి, జర్మనీది ఒకటి, తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చి సంచిలో వేసుకుని రోజూ సాయంత్రం మా అరుగు మీద దిగేవారు. ఒకటి ఎంత దూరం పోయినా జెట్టుని అదుపులో ఉంచుతుందట. ఇంకోటి ఇంజను వేడెక్కినా, బ్యాటరీ తగ్గినా నోటితో చెబుతుందట. అదీ ఆడగొంతుతో. ఓరోజు ఆయన భోంచేస్తుంటే సంచిలోంచి ఆ గొంతు పలికేసరికి, వాళ్ళావిడ అప్పాయమ్మగారు వడ్డించడం ఆపేసేరు.

"ఎవరండీ ఆవిడ?"

"జర్మనీదే."

"అంత దూరంనుంచి వచ్చిందా? తిందో లేదో కనుక్కోండి, ఇంకో విస్తరేస్తాను."

టీ బడ్డీ దగ్గర ఊరు రెండు పార్టీలైపోయింది. జెట్టుని కంటితో చూడనివాళ్ళు కూడా జపాన్ గొప్పా, జర్మనీ గొప్పా అని కాలర్లు పట్టుకున్నారు. పాపం, అక్కడే టీ తాగుతున్న గంగబాబు చైనాది చవగ్గా వస్తుందన్నాడు. దేశం మీద భక్తి లేదని వాణ్ణి ఏకేసేరు. ఏకినాయన జేబులో ఫోను ఎక్కడిదో ఎవరూ అడగలేదు.

నాకు మాత్రం వేరే శిక్ష. రిమోట్లు రెండూ ఒకదాని తరవాత ఒకటి నా చేతికిచ్చి, ఏది బావుందో చెప్పమనేవారు. గరిటె తప్ప తెలియనిదాన్ని, ఏం చెబుతాను? ఊరికే తలూపితే ఒప్పుకునేవారు కాదు. బరువుందా, బొటనవేలు లాగుతోందా, ఆ చివర స్విచ్చి అందుతోందా అని గుచ్చి గుచ్చి అడిగేవారు. అందట్లేదండీ అంటే, పనికిరాదని సంచిలో పడేసేవారు. ఆయన వేళ్ళు మునక్కాడల్లా ఉంటాయి. ఆ వేళ్ళున్నాయనకి కూడా స్విచ్చి దూరమైతే ఇక రిమోట్ కొన్నట్టే అనుకునేదాన్ని.

చివరికి ఓరోజు నాకే విసుగొచ్చింది. "అన్నయ్యగారూ, అది బూజు పట్టిపోతోందండీ. ఏదో ఒకటి తెచ్చి ఎగరెయ్యండి."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "అమ్మయ్య, ఇన్నాళ్ళకి నీ గొంతు లేచింది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయేరు.

ఆ ఆదివారమే ట్రాలీ ఆటోతో వచ్చి జెట్టుని దింపించేరు. నేను రాకపోతే ఆటో కదలదన్నారు. అప్పాయమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఎక్కించేరు.

మా వైపు కాలువ మీద వంతెన రాకముందే రోడ్డొచ్చేసింది. నున్నగా తారేసి, తెల్లగీతలు గీసి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయేరు. చివర కాలువే గనక బళ్ళు రావు, వడ్లు ఆరబోసుకుంటారు. అన్నయ్యగారు అక్కడ ఆటో ఆపించి, ఓ పక్క వడ్లు నెట్టించి జెట్టుని నిలబెట్టేరు. "ఈ రోడ్డు మీంచి కాలువ దాటే మొదటి బండి మనదేనమ్మా."

సంచిలోంచి మళ్ళీ రెండు రిమోట్లు తీసేరు. ఈసారి రెండూ కొత్తవే, రెండూ ఒకటే రకం.

"ఒకేలాంటివి పోల్చి ఏం చేస్తారండీ?"

"పోల్చడం అయిపోయిందమ్మా. ఒకటి నాది, ఒకటి నీది."

జెట్టుని తను లేపుతారట. ఆయన ఓ స్విచ్చి నొక్కి పట్టుకున్నంతసేపూ అది నా మాట వింటుందట. నేను తడబడితే స్విచ్చి వదిలేస్తారు, వెంటనే ఆయన చేతికి పోతుందట. కొత్తవాళ్ళకి ఇలాగే నేర్పుతారట. నావల్ల కాదన్నాను.

"మీ ఆయన దీన్ని నీకు చూపించాలనుకున్నాడు. ఊరికే చూడ్డమేంటి, తిప్పు."

రిమోట్ పట్టుకున్నాను. బరువు లేదు. చివరి స్విచ్చి కూడా వేలికి అందింది. అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ ఆయన రిమోట్లని పోల్చింది నా చేతితో.

జెట్టు ఈలేస్తూ పరిగెత్తి లేచింది. కాలువ దాటి కొబ్బరితోపు మీదకి పోయింది. "ఇప్పుడు నీదమ్మా. బొటనవేలి కింద పుల్లని కొంచెం పక్కకి. చారులో ఉప్పు సరిచూసుకున్నంత." అంతే కదిపేను. అంత దూరాన అది ఒళ్ళు వాల్చి, రెక్క మీద ఎండ తళుక్కుమనిపించి, వెనక్కి తిరిగి మావైపే వచ్చింది. ఇంకెటు తిప్పాలో తెలీక నేను తడబడేసరికి ఆయన స్విచ్చి వదిలేరు. వడ్లకి ఆనకుండా జాగ్రత్తగా దింపేరు.

ఎలా ఉందమ్మా అనడిగేరు.

"బావుందండీ. కానీ ఎడంవైపు పుల్ల కొంచెం బిరుసుగా ఉంది. మొన్నటి జపాన్‌ది ఇంతకంటే మెత్తన."

"ఆయ్. నాకూ అదే అనుమానం. రేపు రెండూ తెస్తాను."

అప్పాయమ్మగారు ఆయన్నోసారి, నన్నోసారి, మళ్ళీ ఆయన్నోసారి చూసేరు.

"ఇద్దర్లో ఎవరు నయమో ఎంత పోల్చినా తేలట్లేదండీ" అన్నారు.