మూగబోయిన వైర్‌లెస్ పెట్టె

నా చిన్నప్పుడు, పోలీసు చర్య అయినాక, మరిపెడ దగ్గర మా ఊరి బడిని యూనియన్ మిలటరీవాళ్లు క్యాంపు చేసుకున్నారు. మా బాపు కమ్యూనిస్టుల సంఘంలో చేరి అడవి పట్టి చాన్నాళ్లయింది. ఆయన జాడ చెప్పమని సిపాయిలు మా ఇంటి మీదికొచ్చి, వడ్ల గుమ్మి కూలదోసి పోయారు. ఆ క్యాంపు ముందు నుంచి పోవాల్సొస్తే నేను చుట్టు తిరిగి పోయేదాన్ని.

అలాంటి చోటికి ఒకనాడు మా బాపమ్మ, అంటే బాపు తల్లి, నా చెయ్యి పట్టుకుని నడిచింది. అమ్మకు ముందురోజు నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. దగ్గరలో డాక్టరంటే క్యాంపు డాక్టరొక్కడే.

తీరా వెళితే ఆయన లారీలో నర్సింహులపేట క్యాంపుకు పోయాడట. వరండాలో వైర్‌లెస్ పెట్టె ముందు ఒక పడుచు సిపాయి కూర్చున్నాడు. మాటతీరు కోస్తా వైపుది. బాపమ్మ అతని దగ్గర ఏదీ దాచలేదు.

"నా కొడుకు సంఘంల ఉన్నడు బిడ్డా, గది మీకెరుకే. గానీ ఇంట్ల కోడలు సస్తున్నది. జర డాక్టరును పిలువు."

అతను పెట్టె మీట తిప్పి చూపించాడు. "పిలుస్తాను మామ్మగారూ. కానీ ఈ పెట్టె పొద్దుట్నుంచీ పలకట్లేదు."

బాపమ్మ నా చెయ్యి వదిలి పెట్టె దగ్గరికి జరిగింది. "అయితే ఇగ ఆశ లేదా?"

"ఎక్కడో ఒకచోట పట్టు తప్పి ఉంటుంది. అది దొరికేదాకా పోయిందనకూడదు" అంటూ అతను మూత విప్పాడు.

బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. లోపల గాజు బుడ్డీల్లాంటి వాల్వులు వెలుగుతున్నాయి. వెలగని ఒక్కదాన్నీ మార్చాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు. నాకు ఏడుపొచ్చింది. అతను మాత్రం విసుక్కోలేదు, తీగలు పీకలేదు. సన్నని వెదురు పుల్లతో ఒక్కో అతుకునూ మెల్లగా కదిపి చూస్తూ పోయాడు. ఒకచోట పుల్ల తగలగానే పెట్టె గరగరమంది. పైకి మెరుస్తున్న ఆ అతుకు లోపల వదులైపోయిందట. వంటపొయ్యి నిప్పుల్లో కడ్డీ కాల్చి తెచ్చి, సీసం కరిగించి మళ్లీ అతికించాడు.

నర్సింహులపేట క్యాంపుతో మాట కలిసింది. కానుపు ఎవరికని అటునుంచి అడిగినట్టున్నారు. ఊరి ఆడమనిషికని మాత్రం ఉర్దూలో చెప్పాడు. ఎవరి భార్యో చెప్పలేదు. బాపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలకముందే డాక్టరును తీసుకుని లారీ వచ్చింది. బిడ్డ దక్కలేదు. అమ్మ బతికింది.

కొద్దిరోజులకే ఆ సిపాయిని ఘనపూర్ వైపు మార్చారు. మా సంగతి దాచినందుకేనని ఊళ్లో అనుకున్నారు. నిజమేమిటో తెలియదు. అతని పేరైనా అడగలేదని బాపమ్మ పోయేదాకా బాధపడింది.

పెద్దయ్యాక నేను పంతులమ్మనయ్యాను. తండా నుంచి వచ్చే ఒక పిల్ల హఠాత్తుగా మాట్లాడటం మానేసింది. మొద్దుదని పేరు పెట్టి అందరూ వదిలేశారు. నేను రోజూ పక్కన కూర్చుని అన్నం గురించి, మేకల గురించి, ఇంటి గురించి ఒక్కొక్కటే అడిగాను. ఒకరోజు "మా అవ్వకు పానం బాగలేదు టీచరమ్మా" అని నా ఒళ్లో పడి ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆ పిల్లా, వాళ్లమ్మా, నేనూ ముగ్గురం దవాఖానకు పోయాం. బడి పని మానేసి ఎన్నో ఏళ్లయినా, ఎవరైనా మూగగా కూర్చుంటే నా కాళ్లు ఇప్పటికీ ముందు వాళ్ల పక్కకే పోతాయి.