రెండు మోతలకి నీళ్లు

మొన్న ఆదివారం సాయంత్రం వసారాలో కూర్చుని ఆ రోజు డైరీ రాసుకుంటుంటే నా సెల్‌ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా కోడలు తలెత్తి, ఎవరో మిస్డ్‌కాల్ ఇచ్చారు మామయ్యగారూ, తిరిగి చేయండి, ఏమన్నా అవసరమేమో అంది. అక్కర్లేదమ్మా అన్నాను. మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేసి విజయవాడ బయల్దేరిన మా పిన్ని అల్లుడు భవానీపురంలో ఇల్లు చేరానని చెప్పారు, అంతే. ఎంతసేపు మాట్లాడినా ఖర్చు తెలియని ఈ రోజుల్లో ఆయన ఒక్క మోత మోగించి ఎందుకు ఊరుకుంటారో మా కోడలికి అర్థం కాలేదు. నా ఈడు వాళ్లకు సగం అర్థమయ్యే ఉంటుంది, మిగతా సగం రాస్తున్నాను.

మా ఊరు కాలువకు చిట్టచివర ఉంటుంది. పైనున్న ఊళ్లన్నీ తడిసి, మిగిలితే మాకు నీళ్లు. భర్త పోయాక మా పిన్ని, అంటే మా అమ్మ ఆఖరి చెల్లెలు, ఉన్న కాస్త పొలాన్నీ కౌలుకివ్వకుండా తనే చేయించుకునేది. నేను సహకార సంఘంలో గుమాస్తా పని నుంచి రిటైరై ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాక, ఆమె కాఫీ వేళకు వాళ్ల అరుగు మీదికి చేరడం నాకు అలవాటైంది. లేకలేక పుట్టిన కూతురికి అప్పటికి రెండేళ్ల కిందటే పెళ్లి చేసింది.

ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా పిన్ని అడిగే ప్రశ్న ఒకటే. కరెంటు పోతే ఇదేం చేస్తుంది? మిక్సీ ఆ పరీక్షలో ఓడిపోయి అటకెక్కింది. కూతురు పట్టుబట్టి పంపిన ఫ్రిజ్‌ను మాత్రం, మా ఊళ్లో మధ్యాహ్నాలు కరెంటు ఉండదు కనుక, చీమలు పట్టని బీరువా కింద లెక్కగట్టి అందులో పంచదార, బెల్లం, కందిపప్పు డబ్బాలు సర్దింది. వేసవిలో ఎవరైనా చల్లటి మంచినీళ్లడిగితే కుండలోంచే ముంచి ఇచ్చేది. ఆమె మనస్ఫూర్తిగా గౌరవించిన యంత్రం ప్రెషర్ కుక్కరొక్కటే. దానికి కరెంటుతో పనిలేదు, పైగా పనయితే అదే పిలుస్తుంది. రెండు కూతలకి పప్పు, మూడు కూతలకి అన్నం, ఎదురుగా నిలబడి మూత తీసి చూడనక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు పిన్ని వాటిని ఆ కుక్కరు దారిలోనే అర్థం చేసుకుంది. ఎత్తితే డబ్బులు పోతాయి, మోగితే పోవు. అలాంటప్పుడు మోత చాలు, మాటెందుకు? ఒక్క మోత మోగి ఆగితే కూతురు విజయవాడ చేరినట్టు, రెండు మోగి ఆగితే కాలువ నీళ్లు ఎగువనున్న లాకు గేట్లు దాటినట్టు, ఆపకుండా మోగుతుంటే మాత్రం ఎవరో పోయినట్టు, అప్పుడు ఎత్తాలి. ఆ ఏర్పాటు ఆమె ఒక్కదానిదే కాదు, అప్పట్లో మా వైపు ప్రతి ఇంటికీ ఇలాంటి లెక్కొకటి ఉండేది. మా ఊళ్లో సిగ్నలు వంటింటి కిటికీ దగ్గర తప్ప దొరికేది కాదు, అందుకని ఫోనును ఓ గుడ్డసంచిలో వేసి కిటికీ చువ్వకు వేలాడదీసింది. చూసేవాళ్లకు అది నీరు కారడానికి మూటగట్టిన పెరుగేమో అనిపించేది.

రెండు మోతలు మోగించేది లాకు పక్క ఊళ్లో ఉండే ఆమె మరిది, నాకు బాబాయి వరస. నీళ్లు లాకు దాటిన రెండు మూడు గంటలకు మా పంటబోదెలోకి, అంటే చేలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువలోకి, వచ్చేవి. ఆ వేళకు మనిషి వెళ్లి బోదెకు అడ్డుపలక వేస్తే మన మడిలోకి తిరుగుతాయి, వెయ్యకపోతే ముందుకుపోయి మురుగుకాలువలో కలుస్తాయి. వంతు పోతే మళ్లీ వంతు ఎప్పటికో నేను చెబుతున్న ఆ ఏడు ఎవరూ చెప్పలేకపోయారు, ఎందుకంటే ఆ ఏడు నీళ్లు వదలడమే ఆలస్యమైంది. పిన్ని నారు జానెడెత్తు లేచింది, మడి నెర్రెలు విచ్చింది, నారు కొసలు పసుపెక్కుతున్నాయి. ఆ నారు పోతే ఊడ్చడానికి వేరే నారు లేదు, ఊళ్లో అందరిదీ అదే పరిస్థితి. అడ్డుపలక గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టుకుని, ఆ వారమంతా ఆమె వంటిల్లు వదిలి కదల్లేదు.

సరిగ్గా అప్పుడే అల్లుడూ కూతురూ చూసిపోదామని వచ్చారు. అల్లుడు, అంటే నాకు బావగారు, విజయవాడలో ఒక ఆఫీసులో ఉద్యోగి, మర్యాదస్తుడు. ఆయన ఆఫీసులో ఫోను మోగుతుంటే ఎత్తకపోవడం తప్పు. మర్నాడు పొద్దున పిన్ని అల్లుడి కాఫీకి ఆవుపాల కోసం ఒక్క నిమిషం వంటిల్లు వదిలి పక్కింటికి వెళ్లింది, మా చెల్లెలు పెరట్లో తలంటుకుంటోంది, నేను వాళ్ల అరుగు మీద పేపరు చూస్తున్నాను. వంటింట్లో మంచినీళ్లు తాగుతున్న బావగారు, సంచి మోగగానే రెండో మోత పూర్తికాకముందే తీసి, హలో అన్నారు. అవతల బాబాయి ఉలిక్కిపడి, ఎత్తేశారు గనక తెలిసిపోయినట్టే అనుకుని, డబ్బులు కాకుండా టక్కున పెట్టేశాడు. పిన్ని తిరిగి రాగానే బావగారు వినయంగా, ఏదో రాంగ్ నంబరండీ అత్తయ్యగారూ అన్నారు. ఆమె సరేనని పాలు పొయ్యి మీద పెట్టింది. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు, వినపడ్డ నాకూ రాలేదు.

సాయంత్రం బాబాయి మోపెడ్ మీద వచ్చాడు. దారిలో చేను చూసే వచ్చాడు, మొహంలో తెలిసిపోతోంది.

"ఏంటొదినా, పలక వెయ్యలా? నీళ్లన్నీ మురుక్కాలవలోకి పోయినై."

పిన్ని చేతిలో చేట అలాగే ఆగిపోయింది. "ఫోను మోగలేదయ్యా" అంది.

"మోగకపోడమేంటి, ఎత్తారు గూడాను. హలో అని మగగొంతు."

అప్పుడు బావగారు కుర్చీలో కదలడం నేను చూశాను. పిన్నీ చూసే ఉంటుంది, కానీ అటు తిరగలేదు. మా వైపు అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడటమే తక్కువ, ఇక తప్పు పట్టడమనే మాటే లేదు. ఆ ఏడాది పంట పోయినా సరే, అల్లుడు తన ఇంట్లో తల దించుకోకూడదు.

"ఎవరింటికి మోగించావో ఏమో. కళ్లజోడు మార్పించుకోమని నెత్తీనోరూ కొట్టుకుంటన్నా, వింటావా?"

బాబాయి కుర్చీ వైపు ఒక్కసారి చూశాడు. కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ, "అయ్యుంటదిలే ఒదినా. మూడు ఎనిమిదిలాగ కనపడతంది ఈ మధ్య" అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ రోజు నా డైరీలో నీళ్లు వచ్చాయి, అందలేదు అని మాత్రం రాసుకున్నాను, అంతకంటే రాయడం నాకూ మర్యాద అనిపించలేదు.

రెండు మోతల సంగతి రాత్రి భార్య చెప్పిందో, తనే ఊహించుకున్నారో తెలియదు. తెల్లారేసరికి బావగారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి రెండు బకెట్లతో మురుగుకాలువ గట్టు మీదున్నారు. నారుమడికి మోస్తున్న ఆ నీళ్లలో కాస్త ఉప్పు ఉంటుంది, అయినా లేనిదానికంటే నయం. పిన్ని గట్టు మీద నిలబడి, ఆయనకు వినబడేలా నాతో అంది, "బావగారిని ఎండన పడొద్దని చెప్పు నాయనా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు."

"వ్యాయామమని చెప్పండి బావగారూ అత్తయ్యగారికి" అన్నారాయన బకెట్టు ముంచుతూ, నా వైపే చూసి.

నేను మధ్యలో నిలబడి ఎవరికీ ఏమీ చెప్పకుండా మూడో బకెట్టు అందుకున్నాను. గట్టున పోతున్న పక్కచేను ఆవిడ ఆగి, "ఏమ్మోయ్, అల్లుడికి మర్యాదలు బానే జరుగుతున్నయ్యే" అని నవ్వింది. పిన్ని తడుముకోకుండా, "మీ అల్లుడికి మంచం దిగటం తెలిస్తేగా" అంది.

ఆయన సెలవు పొడిగించుకుని, మళ్లీ నీళ్లొచ్చిందాకా మోశారు. సగం నారు బతికింది, సగం మాడిపోయింది. ఆ ఏడు పిన్ని సగం చేనే ఊడ్చింది. బీడుపడ్డ సగం గురించి ఎవరడిగినా, నేలక్కూడా కాస్త రెస్టు కావాలిగదయ్యా అనేది.

వెళ్లేటప్పుడు ఆయన ఆ సంచి వైపు కన్నెత్తి చూడలేదు. సాయంత్రం ఒక్క మోత మోగి ఆగింది. ఎప్పుడూ కూతురు మోగించేది. ఈసారి ఆగిన తీరు వేరేగా ఉందని, సగం మోతకే ఎవరో భయపడి ఆపేసినట్టుందని పిన్ని అంది, చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆనాటి నుంచి ఇల్లు చేరిన కబురు అల్లుడి పనే అయింది. క్షమాపణ ఆయన అడగలేదు, ఆమె అడగనివ్వలేదు. ఏళ్ల తరబడి ఆ ఒక్క మోతే ఇద్దరికీ సరిపోయింది.

పిన్ని పోయాక ఆ మోత నా ఫోనుకు రావడం మొదలైంది, ఎవరూ చెప్పుకోకుండానే. ఇప్పుడు మా ఊళ్లో అన్ని గదుల్లోనూ సిగ్నలుంది, నీళ్లు వదిలిన కబురు ఫోటోతో సహా వస్తుంది, బాబాయి మనవడు ఇంట్లో కూర్చునే మోటారు వేస్తాడు. ఇవన్నీ మేలే, కాదనను. ఆ మాడిన నారు చూసినవాణ్ణి, కాదనలేను. అయితే ఫోను మోగితే ఇప్పుడు ఎత్తి వినాలి, జవాబు చెప్పాలి, అవతలివాళ్లు పెట్టేసేదాకా కాచుకోవాలి. ముందే అనుకుని ఉంచిన మాట ఒకటి మోగి ఆగిపోవడం, ఎత్తకుండా ఉండటమే జవాబు కావడం, ఇక బావగారికీ నాకూ మధ్యే మిగిలింది. మాలో ఎవరు ముందు వెళ్తే వాళ్లతో అదీ పోతుంది.

కోడలు చిక్కుడుకాయలు లోపలికి తీసుకెళ్లింది. నేను డైరీలో, చేరారు అని రాసి మూశాను. వంటింట్లో కుక్కరు కూత వేసింది. నాకు తెలియకుండానే రెండో కూత కోసం చెవి ఒగ్గాను.