ఆకుకన్ను

మా బాపుకు ఇంజన్ నడిపే పని దక్కకపోవడానికి కారణం ఒక అంకె. ఆ పేజీలో ఉన్నది ఎనిమిది అని ఆస్పత్రి కంపౌండరు అన్నాడు. బాపు మూడు అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నాకూ మూడే కనిపించింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. మేము బెల్లంపల్లిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. బాపు బొగ్గుబావిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. కర్ర పని ఆయనకు పుట్టుకతోనే వచ్చింది, ఎందుకంటే మా వాళ్లది నిర్మల్, బొమ్మలు చేసే ఇల్లు. కానీ వయసు మీద పడుతుంటే దుంగలు మోయడం కష్టమైంది. బొగ్గు డబ్బాలను తాడుతో పైకి లాగే ఇంజన్ దగ్గర ఒక ఖాళీ వచ్చింది. కూర్చుని చేసే పని. బాపు పేరు పైకి పంపారు. ఎర్ర దీపం, పచ్చ దీపం చూసి ఇంజన్ ఆపాలి, నడపాలి కాబట్టి ముందు కండ్ల పరీక్ష అన్నారు.

నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. కండ్లకలక తగ్గీ తగ్గకుండా ఉంటే, ఎట్లాగూ పోతున్నాడు కదా అని మా అమ్మ, అంటే అవ్వ, నన్ను కూడా బాపుతో పంపింది. నా కండ్లలో చుక్కలు వేసి ఒక స్టూలు మీద కూర్చోబెట్టారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు బాపు ముందు ఒక పుస్తకం తెరిచాడు. పేజీ నిండా రంగు రంగుల చుక్కలు.

"ఇందులో ఏముంది?"

"మూడు సార్."

"తొందరపడకుండా చూడు."

"మూడే సార్."

కంపౌండరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎనిమిది గదనయ్యా! గంత పెద్దగున్నది, కనవడ్తలేదా?"

నాకు కోపం వచ్చింది. మా బాపు చదువుకోలేదు గాని అంకెలు తెలియని మనిషి కాదు. స్టూలు దిగి వచ్చి, మసకగా ఉన్న కండ్లు తుడుచుకుని చూశాను.

"మూడే ఉంది సార్. మా బాపు మంచిగనే చెప్పిండు."

డాక్టరు పుస్తకం మీంచి తలెత్తి నా వైపు చూశాడు. కంపౌండరును మాట్లాడవద్దన్నట్టు చెయ్యెత్తి, నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. ఒక్కొక్క పేజీ తిప్పాడు. కొన్నింటిలో నాకు చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక పేజీలో మాత్రం అంకె చక్కగా కనిపించింది, చెప్పాను. డాక్టరు నవ్వాడు.

"ఈ పేజీలో నాకు అంకె ఏదీ కనిపించదమ్మా. మీలాంటి వాళ్లకే కనిపిస్తుంది."

అది వినగానే నాకు కలిగింది బాధ కాదు, ఆశ్చర్యం. డాక్టరుకు కనిపించనిది నాకు కనిపిస్తుంది! మరి అందరికీ కనిపించేది నాకెందుకు కనిపించదు?

ఆయన ఆశ్చర్యం వేరు. "మగవాళ్లలో చూశాను గాని ఆడపిల్లలో ఇది చాలా అరుదు. ఏమయ్యా, నీ భార్య నీకు ముందే చుట్టమా?"

"నా సొంత అక్క బిడ్డ సార్."

"అదీ సంగతి" అని ఆయన కాగితం తీశాడు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని లోపం అది అని, పుట్టుకతోనే వస్తుందని చెప్పాడు. మన ఒంట్లో తల్లిదండ్రుల నుంచి వచ్చే సన్నని దారాల్లాంటివి ఉంటాయట. ఈ లోపం ఉండే దారం మగవాడికి ఒక్కటే ఉంటుంది, అది తల్లి ఇచ్చేది. ఆడదానికి రెండుంటాయి, తల్లిదొకటి, తండ్రిదొకటి. రెండింట్లో ఒకటి బాగున్నా చాలు, రంగులన్నీ తెలుస్తాయి. "మీ అమ్మకు ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. నీకు మాత్రం మీ నాన్న నుంచీ చెడ్డదే వచ్చింది, అమ్మ నుంచీ చెడ్డదే వచ్చింది. ఒకే ఇంటి దారం రెండు వైపుల నుంచీ వచ్చి నీలో కలిసింది."

బాపుకు ఇంజన్ పని ఇవ్వలేనని కూడా అదే గొంతుతో చెప్పాడు. బాపు దండం పెట్టి బయటికి వచ్చాడు. రైలు పట్టాల పక్కన ఇంటి దారి పట్టాడు. తర్వాత ఉన్నట్టుండి అడిగాడు.

"పండు మిరపకాయలు తెంపుమంటే పచ్చియి గూడ తెస్తవని మీ అవ్వ తిడ్తది. నీకు నిజంగనే తెలువదా?"

"తెలువది బాపూ. మెత్తగున్నయా గట్టిగున్నయా అని పట్టి చూస్త."

"నేను గూడ గట్లనే చూస్త బిడ్డా" అన్నాడు. ఆ దారిలో మేమిద్దరం ఒకరినొకరు అడగని రంగు లేదు. తంగేడు పువ్వు పసుపు ఇద్దరికీ తెలుసు. ఆకాశం నీలం తెలుసు. బతుకమ్మకు గునుగు పువ్వు మీద అద్దే గులాబీ రంగు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. నేను ఏటా ఆ పూల వరసలు తప్పుగా పేర్చి తిట్లు తినేదాన్ని. పొగరుతో చేస్తున్నానని అవ్వ అనుకునేది.

ఇంటికి వచ్చి చెప్పినా అవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "గంటే నాకెల్లి వచ్చిందా?" అంది.

"నాకెల్లి గూడ వచ్చింది" అన్నాడు బాపు. "ఇద్దరిదీ ఒక్క ఇల్లే గదా."

ఆ ఎండాకాలం సెలవుల్లో నిర్మల్ పోయాం. అక్కడ మా అమ్మమ్మ ఉంటుంది. ఆమె బాపుకు సొంత అక్క, అంటే నాకు అమ్మమ్మా ఆమే, మేనత్తా ఆమే. ఆమె ఇద్దరు కొడుకులూ, అంటే మా మేనమామలు, అక్కడే బొమ్మలు చేసేవాళ్లు. పెద్దమామ మెత్తటి పొనికి కర్రను చెక్కేవాడు. చిన్నమామ రంగులు వేసేవాడు. ఆ చిన్నమామకే నన్నివ్వాలని నేను పుట్టినప్పటి నుంచీ అనుకున్న మాట.

నేను మాత్రం పెండ్లి మాట కోసం పోలేదు. ఎవరెవరికి ఉందో చూడాలని పోయాను. కానీ ఒక చిక్కు వచ్చింది. నాకే రంగులు తెలియనప్పుడు ఇంకొకరు చెప్పింది తప్పో ఒప్పో నాకెట్లా తెలుస్తుంది? అవ్వ సాయం చేసింది. అమ్మకానికి పెట్టిన కర్ర మిరపకాయలు, ఒకే కొలతలో చేసినవి, కొన్ని ఎర్రవి, కొన్ని పచ్చవి ఏరి, ఎర్రవాటి తొడిమ కింద గోరుతో గీత పెట్టింది. వాటిని కొంగులో వేసుకుని ఇల్లంతా తిరిగాను. ఎర్రవి ఒక దిక్కు, పచ్చవి ఒక దిక్కు పెట్టమనేదాన్ని. తర్వాత తిప్పి గీతలు చూసేదాన్ని.

చిన్నమామ నవ్వుతూ చిటికెలో వేరు చేశాడు. మా పిన్ని, పెద్దమామ భార్య, ఆడపిల్లలందరూ తప్పు లేకుండా పెట్టారు. పెద్దమామ మాత్రం కాయలను వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసి, రెండు కుప్పలుగా పెట్టాడు. రెండు కుప్పల్లోనూ రెండూ కలిసి ఉన్నాయి.

గడప మీద కూర్చుని అమ్మమ్మ ఇదంతా చూస్తూ ఉంది. "వానికి ఆకుకన్ను" అంది, పెద్దమామ లోపలికి పోయాక. "వాన్ని ఏం అడుగుతవే?"

"ఆకుకన్నా? అదేంది?"

"మన ఇంట్ల కొందరు మొగపిల్లలకు అన్ని ఆకు లెక్కనే కనవడ్తయి. మా అవ్వ తమ్మునికి గట్లనే ఉండె. నా తమ్మునికి, అదే మీ బాపుకు గట్లనే. నా పెద్ద కొడుక్కు గూడ. చిన్నగున్నప్పుడే చూసి కుంచె ఇయ్యకుంట ఉలి చేతికిస్తం. రంగులు తెలువని ఇల్లని బయట ఎరుకైతే మన బొమ్మ ఎవలు కొంటరు?"

బాపు వెనకనే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నీకు ఎరుకేనా అక్కా?"

బాపు గడప దగ్గరికి వచ్చాడు.

"చిలకకు రంగు తప్పేసిన్నని నాయిన కొట్టిండు. నాకు తెల్వి లేదనుకున్న. గీ పని నాకు రాదనుకుని బొగ్గుబాయికి పోయిన. గప్పుడు ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా!"

"చెప్తే చిన్నబోతవనుకున్న తమ్మీ. మొగోళ్లకు చెప్పద్దని మా అవ్వ అన్నది. చెప్పలే."

బాపు చెప్పులేసుకుని బజారుకు పోయాడు. పొద్దుగూకే దాకా రాలేదు.

అమ్మమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె ఏడవలేదు, నన్ను దగ్గరికి పిలిచింది. "ఆడిపిల్లలల్ల గిది మేం ఎన్నడూ చూడలే. నీకు వస్తదని ఎవలకెరుక? గా డాక్టరు ఏమన్నడో మళ్లొకసారి చెప్పు."

బొగ్గుముక్కతో నేల మీద గీతలు గీసి చెప్పాను. తల్లి, తండ్రి, కొడుకు, బిడ్డ. ఆమె నా వేలి వెంట చూపు కదుపుతూ వింది. ఎన్నో ఏండ్లుగా ఎవరికి వచ్చిందో ఆమెకు తెలుసు. ఏ దారిన వచ్చిందో తెలియదు. తన గీత దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గిది కండ్లకేనా? మిగితయి గూడ గిట్లనే వస్తయా?"

డాక్టరు ఆ రోజే చెప్పిన ఇంకో మాట గుర్తుండి చెప్పాను. కొన్ని ఇండ్లలో మగపిల్లలకు చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగదట. అదీ ఇట్లాగే, ఏ జబ్బూ లేని తల్లి నుంచి కొడుక్కు వస్తుందట.

అమ్మమ్మ గల్లి వైపు చూసింది. "మా పక్క గల్లిల ఉండె ఒకామె. ఒక కొడుకు పన్ను ఊడి, ఇంకో కొడుకు కాలికి గాజు గుచ్చుకుని, నెత్తురు కట్టక పోయిండ్రు. ఆమె తమ్ముడు గూడ చిన్నప్పుడు గట్లనే పోయిండట. కొడుకులను మింగిందని ఆమెను ఇంట్లకెల్లి వెళ్లగొట్టిండ్రు. నేను గూడ ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకున్న." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గట్లయితే ఆమె ఏం చెయ్యలేదన్నట్టు."

"ఏం చెయ్యలేదు అమ్మమ్మా. ఆమెకు గూడ ఎరుక ఉండదు."

మరునాడు అమ్మమ్మే బాపును కూర్చోబెట్టి, పిల్లను బయటి ఇంటికియ్యి అని చెప్పింది. ఎన్నేండ్లుగానో అనుకున్న సంబంధం ఆమె నోటితోనే ఆగిపోయింది. చిన్నమామ ముఖం చిన్నబోయింది. బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"నీకిష్టం లేకనా, డాక్టరు అన్నడనా?"

"తెలువది మామా" అన్నాను. నిజంగానే తెలియదు. మామ అంటే ఇష్టమే. కానీ ఆయనను భర్తగా ఎప్పుడూ ఊహించుకోలేదు, ఎవరో అనుకున్న మాటను వింటూ పెరిగాను, అంతే. మరుసటి ఏడు ఆయనకు ఖానాపూర్ పిల్లతో పెండ్లయింది. పెండ్లిలో నన్ను చూసి మామూలుగానే నవ్వాడు.

బెల్లంపల్లికి వచ్చాక డాక్టరును మళ్లీ కలిశాను. బయటి సంబంధం చేసుకుంటే నా పిల్లలకు రాదు కదా అని అడిగాను. ఆయన దాచలేదు. "నీ దగ్గర రెండూ అవే ఉన్నాయి. ఎవరిని చేసుకున్నా నీ కొడుకులందరికీ ఇది వస్తుంది. కూతుళ్లకు మాత్రం తండ్రి నుంచి మంచిది వస్తుంది, వాళ్లకు రంగులు తెలుస్తాయి. అయితే ఒక ఇంట్లోనే ఇచ్చి పుచ్చుకుంటే, మనకు కనిపించని ఇంకెన్నో ఇట్లాగే రెండు వైపుల నుంచీ వచ్చి కలవొచ్చు. మీ అమ్మమ్మ మంచి పనే చేసింది."

పుట్టని కొడుకు గురించి ఒక మనిషి ఇంత గట్టిగా చెప్పగలడా? జాతకం చెప్పేవాళ్లు కూడా ఏదో ఒక సందు వదిలి మాట్లాడతారు. ఈయన వదలలేదు. ఆ మాట నిజమవుతుందా లేదా అని చూడాలని అప్పుడే నాకు పట్టుకుంది.

బాపుకు తర్వాత బావి పైన వడ్రంగి షెడ్డులో పని ఇచ్చారు. పారలకు, గొడ్డళ్లకు కామలు, అంటే కర్ర పిడులు, చెక్కేవాడు. ఆ పనిలో ఆయన సంతోషంగా ఉండటం చూశాను. అక్క మీద కోపం తగ్గడానికి మాత్రం కొన్నేండ్లు పట్టింది.

నాకు పద్దెనిమిదేండ్లు నిండాక సంబంధం వచ్చింది. పిల్లగాడు బావిలో ఫిట్టరు. వాళ్లు చూడటానికి వచ్చిన రోజే, చాయ కప్పులు కింద పెట్టకముందే బాపు చెప్పేశాడు. "మా బిడ్డకు ఎరుపు, పచ్చ ఎరుక లేదు. పుట్టే కొడుకులకు గూడ గట్లనే ఉంటది. నాకు గూడ ఉన్నది. ముందే చెప్తున్న."

అవ్వ తలుపు చాటు నుంచి తొంగి చూసింది. పిల్లగాని తల్లి నా వైపు తిరిగి అడిగింది.

"కూర వండొస్తదా?"

"వస్తదత్తా."

"ఉప్పు, కారం నాలికకు తెలుస్తయి గద. ఇగ ఫికర్ ఏంది?"

అట్లా నా పెండ్లయింది. మరుసటి ఏడే కొడుకు పుట్టాడు. కొన్నేండ్లకు శ్రీరాంపూర్ వైపు కొత్త బావులు తెరిస్తే మా ఆయనను అక్కడికి మార్చారు. నస్పూర్‌లో ఇల్లు తీసుకున్నాం, పిల్లవాణ్ణి బడిలో వేశాం. వాడి కండ్ల సంగతి నేను పరీక్ష పెట్టి తెలుసుకోలేదు. పెట్టాలని చాలాసార్లు అనిపించింది, చెయ్యి రాలేదు.

పంద్రాగస్టుకు ముందు రోజు వాడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. రంగు కాగితాలు అతికించి జెండాలు చేయమన్నారట. వీడు పచ్చ పైన, కాషాయం కింద పెట్టాడట. పంతులు జెండాను అవమానించావని చెవి మెలేశాడు. నేను వెంటనే బడికి పోయాను. జెండా చేతిలోకి తీసుకుని చూశాను. నాకూ ఏది పైనుండాలో తెలియలేదు. ఆ మాటే పంతులుకు చెప్పాను, డాక్టరు చెప్పిన సంగతంతా చెప్పాను. పంతులు పడుచువాడు. వింటూ వింటూ ముఖం వేలాడేశాడు.

"నాకు తెల్వదమ్మా. పొగరనుకున్న. నిరుడు ఇంకో పిల్లగాడు గూడ గిట్లనే అతికించిండు. వాన్ని గూడ కొట్టిన." కాగితాల వెనక పెన్సిలుతో పైది, కింది‌ది అని రాసి ఇస్తానన్నాడు. తర్వాత వరండా వైపు చూపించాడు. "గా పిల్లగాని అమ్మ వచ్చింది సూడుండ్రి, గామెకు జర చెప్పుండ్రి."

ఆమె బజారులో గాజుల దుకాణం నడిపే ముస్లింల ఇంటి కోడలు. బుర్ఖా ముసుగు పైకి వేసుకుని కొడుకు కోసం చూస్తూ నిలబడింది. మాకు ఏ చుట్టరికమూ లేదు. నేను దగ్గరికి పోయి, మీ అన్నదమ్ములకు గానీ మీ అమ్మ అన్నదమ్ములకు గానీ రంగుల దగ్గర తేడా వస్తుందా అని అడిగాను.

ఆమె ఉలిక్కిపడింది. "మా అన్నకు. చీరెలు అమ్మనీకి దుకాణం పెట్టి, రంగులు తెలువక బంద్ చేసుకున్నడు. గీ సంగతి మీకు ఎవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదని, ఇది తల్లి దారిన కొడుక్కు వస్తుందని చెప్పాను. పిల్లలిద్దరినీ ముందు నడిపిస్తూ ఇద్దరం బజారు దాకా మాట్లాడుకుంటూ పోయాం. దుకాణం దగ్గరికి వచ్చినా ఆమె నన్ను వదల్లేదు, లోపల కూర్చోబెట్టి వాళ్ల అన్న గురించి, అమ్మ గురించి, అమ్మమ్మ గురించి చెబుతూనే ఉంది.