సల్మాబాద్‌లో తెల్ల చొక్కా

బహ్రెయిన్‌లో ఉంటున్న మా ఊరి అప్పలరాజుకి ఇవ్వమని వాళ్లావిడ నాచేత ఆవకాయ పంపింది. అది పట్టుకుని ఓ శుక్రవారం సల్మాబాద్‌లో అతనుండే లేబర్ క్యాంపుకి వెళ్లాను. గదిలో నలుగురూ మా శ్రీకాకుళం వైపువాళ్లే. గోడకి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఒకటి వేలాడుతోంది. ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు నలుగురూ వంతులవారీగా అదే తొడుక్కుంటారట. హిద్ రేవులోని ఓడల యార్డులో తుప్పు గోకే అప్పలరాజు, ఇంట్లోవాళ్లకి మాత్రం సూపర్‌వైజర్.

ఇక్కడి ఇండియన్ స్కూల్లో చరిత్ర మాస్టారిని కదా, ఊరుకోలేకపోయాను. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఒకాయన, దేశం విడిచిపోవాల్సొచ్చి అమెరికాలో కొవ్వొత్తులు పోసి బతికాడని, ఆ తర్వాత తిరిగెళ్లి సైన్యాన్ని నడిపి గెలిచాడని చెప్పాను.

అప్పలరాజు అంతా విని, "మరి ఇంటికాడ ఏ పని సేస్తన్నానని సెప్పాడు మాస్టారూ?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "నేను చదివినంతలో దాచినట్టు లేదు" అన్నాను.

అతను కాసేపు ఆ చొక్కా వంక చూశాడు. తర్వాత, సెలవురోజైనా సరే, తుప్పు మరకల డ్యూటీ బట్టలు తొడుక్కుని మరీ ఇంటికి వీడియో కాల్ చేశాడు.

వాళ్లావిడ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏటి, తెల్ల సొక్కా ఇయాల ఎవులి వంతు?" అంది.