చేతుల మీద నిలబడబోయి కిడ్నీల మీదికి తెచ్చుకున్నాను

ఆ రోజు పొద్దున జడ వేసుకుందామని చేతులెత్తబోతే లేవలేదు. నొప్పి పుట్టడం వేరు, చేయి లేవకపోవడం వేరు. మోచేతులు సగం వంగి అక్కడే బిగుసుకుపోయాయి. భుజాల నుంచి మోచేతుల దాకా ఉబ్బి చుడీదార్ చేతులు పట్టలేదు. పాడేరు దగ్గర ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను పీఈటీని. ఊరి పిల్లలందరికీ ఆటలు నేర్పేదాన్ని, చివరికి అమ్మ చేత జడ వేయించుకోవలసి వచ్చింది.

"ఏటే గుంటా, సేతులిలా పొంగిపోనాయి? ఏటైనా కుట్టిందేటి?" అంది అమ్మ.

"జిమ్ నొప్పులమ్మా, రెండ్రోజుల్లో పోతాయి" అన్నాను. అప్పట్లో ఒళ్లు నొప్పులంటే నాకు గర్వం. నొప్పి లేకపోతే ఆ రోజు చేసిందంతా దండగ అనుకునేదాన్ని.

ఆ జిమ్ పాడేరులో ఒక రేకుల షెడ్డు. నడిపేది దిలీప్ అని కొండ కింద మైదాన ప్రాంతం నుంచి వచ్చిన కుర్ర కోచ్. అక్కడ క్రాస్‌ఫిట్ చేయిస్తాడు. అంటే బరువులు ఎత్తడం, గెంతడం, బార్ పట్టుకుని గడ్డం దాకా లేచే పుల్-అప్స్, అన్నీ కలిపి గడియారం పెట్టి ఊపిరి సలపకుండా చేయించడం. నాకేమో హ్యాండ్‌స్టాండ్ మీద మనసు పడింది. చేతుల మీద నిలబడి కాళ్లు ఆకాశానికి ఎత్తాలి. దానికి కావలసిన జిమ్నాస్టిక్స్ బలం కోసం పొద్దున స్కూలు గ్రౌండులో గోడకు కాళ్లు ఆనించి నిలబడేదాన్ని. తర్వాత బార్ మీదికి ఎక్కి, చాలా నెమ్మదిగా కిందికి దిగేదాన్ని. సాయంత్రం షెడ్డుకు వెళ్లి క్రాస్‌ఫిట్.

"రెండూ కలపొచ్చు మేడమ్, కానీ మెల్లగా" అన్నాడు దిలీప్. ఆ మెల్లగా అన్న మాట నా చెవికెక్కలేదు. చిన్నప్పుడు కాఫీ పళ్ల బస్తా నెత్తిన పెట్టుకుని కొండ దిగినదాన్ని, నాకేంటి అనుకున్నాను. అమ్మ మాత్రం ఒకసారి చూసి నోరు నొక్కుకుంది. "కాళ్లు పైకెట్టి ఏటే ఆ ఏసాలు? పనీపాటా నేదేటి నీకు?"

మధ్యలో వైరల్ జ్వరం వచ్చి నెల రోజులు అన్నీ మానేశాను. తిరిగి వెళ్లిన రోజే పోయినదంతా ఒక్కసారిగా రాబట్టుకోవాలని కూర్చున్నాను. పొద్దున బార్ మీంచి నెమ్మదిగా దిగడం చేతులు వణికేదాకా చేశాను. సాయంత్రం అరచేతుల తోలు ఊడేదాకా పుల్-అప్స్ చేశాను. ఆ తర్వాతే ఈ జడ సంగతి.

మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని వేసుకుంటూ స్కూలుకు వెళ్లాను. మర్నాడు బాత్రూంలో నా మూత్రం చూసుకున్నాను. చిక్కగా దించిన కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అది నా ఒంట్లోంచి వచ్చిందంటే నమ్మలేకపోయాను. నీళ్లు పోసేసి, మళ్లీ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. మళ్లీ అదే రంగు.

అమ్మకు చెప్పాను. "కామెర్లే" అని తేల్చేసింది. ఉప్పు మానిపించి ఆకు పసరు తాగించింది. పసరు కడుపులో నిలవలేదు, వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి పాడేరు ఆస్పత్రిలో ఉన్నాం.

మా వైపు చలి, నీరసం, ఒళ్లు నొప్పులు అంటే ముందు మలేరియా చూస్తారు. అది నెగటివ్. డ్యూటీ డాక్టరు నా కనురెప్ప లాగి చూశాడు. "కళ్లు పచ్చగా లేవు. మరి ఈ రంగేంటి? ఈ మధ్య బరువు పనేమైనా చేశారా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. "నేదు బాబూ. ఉజ్జోగం వచ్చినకాడ్నించి గుంట తోటకే రానేదు. పనేటీ సెయ్యనేదు."

నేను తల ఊపాను. ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతుంది. కానీ అప్పుడు అమ్మ అన్నది నాకూ నిజమే అనిపించింది. మా కొండల్లో పనంటే తోటలో కలుపు, నెత్తిన కట్టెల మోపు, ఊట నుంచి నీళ్లు. అది కూడా డాక్టరుకు చెప్పుకునేదేమీ కాదు, చెబితే పనికి వెనకాడే మనిషి అనుకుంటారు. ఇక సరదా కోసం బార్‌కు వేలాడటం పనెలా అవుతుంది? చేతుల నొప్పి జిమ్‌దని తెలుసు. మూత్రం రంగుకూ జిమ్‌కూ సంబంధం ఉంటుందని కలలో కూడా తట్టలేదు.

వార్డులో చేర్చి సెలైన్ పెట్టి, రక్తం తీసి పరీక్షకు పంపారు. మర్నాడు దిలీప్ నన్ను చూడటానికి వచ్చాడు. "మేడమ్, మొన్నటి పుల్-అప్స్ నొప్పులు తగ్గాయా?" అన్నాడు.

పక్క మంచం దగ్గరున్న డాక్టరు గిరుక్కున తిరిగాడు. "ఏం పుల్-అప్స్?"

చెప్పాను. ఆయన నా చేయి పట్టుకుని నొక్కితే కేక పెట్టాను. "ఈ మాట నిన్న చెప్పాలి కదమ్మా!" అని అరిచి, సీపీకే టెస్టుకు పంపాడు. కండరాలు దెబ్బతింటే పెరిగేది అదట. నాది మెషీన్ చూపించగలిగిన అంకె దాటిపోయింది. రాబ్డోమయొలైసిస్ అన్నాడు. మితిమీరిన వ్యాయామానికి కండరాలు చితికిపోయి, వాటిలోని సరుకంతా రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తోందన్నాడు. "కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతోంది. ఇక్కడ లాభం లేదు, విశాఖ తీసుకెళ్లండి."

వ్యాయామం చేసి కిడ్నీలు పాడైపోవడమా? ఆరోగ్యం కోసమే కదా చేసింది! ఘాట్ మలుపుల్లో అంబులెన్సు ఊగుతున్నంతసేపూ నాలో అదే ప్రశ్న. ఏడుపు కూడా రాలేదు.

విశాఖలో కిడ్నీల డాక్టరు, నెఫ్రాలజిస్ట్ మేడమ్ మొదటి ప్రశ్న, "పెయిన్ కిల్లర్స్ వేసుకున్నారా?" అవునన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. "కిడ్నీలు అసలే మునుగుతుంటే మీరు తల మీద చెయ్యి పెట్టి తొక్కారమ్మా."

మూత్రం బాగా తగ్గిపోయింది. ఒంట్లో నీరు చేరి, పడుకుంటే ఊపిరాడలేదు. పిన్ని ఆప్యాయంగా కొబ్బరి బొండం కొట్టించి తెస్తే, సిస్టర్ పరుగున వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. "పొటాషియం ఎక్కువుంది ఈవిడకి. ఇది తాగితే గుండె ఆగిపోతుంది!" కొబ్బరి నీళ్లు ప్రాణం తీస్తాయని ఆ రోజే విన్నాను. పిన్ని ఆ బొండం పట్టుకెళ్లి బయట పారబోసింది.

మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. నా రక్తం నా కళ్లెదుటే యంత్రంలోకి వెళ్లి తిరిగి వస్తోంది. "ఇక జీవితాంతం ఇదేనా మేడమ్?" అని అడిగాను. "కిడ్నీలు లేస్తాయనే అనుకుంటున్నాను. కానీ మాట ఇవ్వలేను" అంది. అంతకు మించి భయపెట్టిన మాట నేను వినలేదు. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని "నా నోటితోనే పనేటీ సెయ్యనేదన్నాను" అని తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

కొన్నాళ్లకు కిడ్నీలు లేచాయి. జాడీలో మూత్రం కొలిచిన సిస్టర్ ఎత్తి చూపిస్తే ఇద్దరం నవ్వాం. లేత పసుపు రంగు అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. డయాలసిస్ ఆపి, గొట్టం తీసి ఇంటికి పంపారు. చేతులకు బలం రావడానికి మాత్రం నెలలు పట్టింది. బిందె ఎత్తలేక ఏడ్చిన రోజులున్నాయి.

ఇప్పుడు క్రియాటినిన్ బాగానే ఉంది. నొప్పి బిళ్లలు నాకు ఇక నిషిద్ధం. మేడమ్ అనుమతితో మళ్లీ గోడ దగ్గర నిలబడుతున్నాను, కాసేపే. హ్యాండ్‌స్టాండ్ చేసిన రోజు బార్ ముట్టుకోను. క్రాస్‌ఫిట్‌లో గడియారం వైపు చూడను. మధ్యలో మానేసి తిరిగి వచ్చినవాళ్లకు దిలీప్ కూడా సగం వ్యాయామంతోనే మొదలుపెట్టిస్తున్నాడు.

మీకు చెప్పేది ఒక్కటే. వ్యాయామం తర్వాత చేతులు ఉబ్బి, మూత్రం నల్లబడితే బిళ్లల, పసర్ల జోలికి పోకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. డాక్టరు అడిగినా అడక్కపోయినా ఒంటితో మీరు చేసిందంతా, ఆటైనా సరదా అయినా, చెప్పేయండి.

మొన్న మోకాళ్ల నొప్పికి అమ్మను పాడేరు తీసుకెళ్లాను. "ఏం పని చేస్తావమ్మా?" అని డాక్టరు అడిగాడు. అమ్మ నావైపు చూసి మొదలుపెట్టింది. తెల్లారకముందే నీళ్లు, రాగులు దంచడం, కొండెక్కి తోట, కట్టెలు, బస్తా దించడం, సంతకు నడక. డాక్టరు రాయడం ఆపేశాడు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినదాన్ని, అవన్నీ ఒక్కచోట వినడం నాకు అదే మొదటిసారి.